నాలుగు పేర్లకూ ఒకటే నంబరు

నేపర్‌విల్‌లో ట్రైన్ ఎక్కి సిటీకి వెళ్లేవాళ్లలో కొందరు నిద్రపోతారు, కొందరు మెయిల్స్ చూసుకుంటారు. నేను ఐర్లండ్ రాజకీయాలు వింటాను. ఒకరోజు వంటల పాడ్‌కాస్ట్ అయిపోయి దానంతట అదే ఇంకోటి మొదలైంది. ఇద్దరు స్నేహితులు, ఏ సంస్థ అండా లేకుండా, ఇంటి వెనక గదిలో కూర్చుని ఇళ్ల అద్దెల గురించీ ఆస్పత్రి క్యూల గురించీ వాదించుకుంటున్నారు. వాళ్ల యాస పట్టుబడటానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటికి దిగబడిపోయాను.

నన్ను పట్టుకున్నది వాళ్ల ఓట్ల లెక్క. అక్కడ కాగితం మీద ఒక్కరికి టిక్కు పెట్టి ఊరుకోరు. అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు వేస్తారు. గెలిచినవాడికి అవసరానికి మించి వచ్చిన ఓట్లు వృథా పోవు, తర్వాతి నంబరు వాళ్లకు వెళ్తాయి. నేను మందుల గోడౌన్‌లో స్టాక్ చూసేవాణ్ణి. డిగ్రీ లేదు, దామాషాలు నాకు నేనే నేర్చుకున్నాను. అలాంటివాడికి ఇంతకన్నా మంచి వినోదం ఏముంటుంది?

మా తెలుగు చర్చిలో ఏటా ముగ్గురు కమిటీ సభ్యుల్ని చేతులెత్తి ఎన్నుకుంటారు. ఏటా అదే ముగ్గురు పెద్దలు. ఈసారి మా ఆవిడ నాలుగో మనిషిగా నిలబడింది. కారు లేని స్టూడెంట్లనీ, డ్రైవింగ్ రాని పెద్దవాళ్లనీ ఆదివారం తీసుకురావడానికి రైడ్స్ ఏర్పాటు చేయించాలని ఆమె పట్టుదల. ఆ విషయం రెండేళ్లుగా “చూద్దాం సిస్టర్” దగ్గరే ఆగిపోయింది.

చేతులెత్తితే ఆమె గెలవదు. పెద్దలు చూస్తుండగా ఎవరు ఎత్తుతారు? అందుకని పాస్టర్‌గారి దగ్గరికి వెళ్లి ఐర్లండ్ పద్ధతి చెప్పాను. మూడు సీట్లకు, చెల్లిన ఓట్లలో నాలుగో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, సీటు ఖాయం.

“ప్రార్థన చేసి చెప్తాను బ్రదర్,” అన్నారు అయ్యగారు. వారం తర్వాత, “లెక్క మీరే చూడాలి. నాకు అర్థం కాలేదు,” అన్నారు.

అభ్యర్థి భర్త లెక్కపెట్టడమేమిటని ఎవరూ అడగలేదు. ఆ లెక్క ఇంకెవరికీ రాదు. ఇద్దర్ని సాక్షులుగా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

“ఐర్లండ్‌లో ఫలితం ఎంతసేపట్లో చెప్తారు బ్రదర్?” అన్నాడు ఒక సాక్షి.

“ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది.”

“మన బిర్యానీ ఒంటిగంటకే వచ్చేస్తుంది, కాస్త చూసుకోండి.”

నలభై నాలుగు కాగితాలు విప్పాను. వాటిలో ఎనిమిదింటి మీద నాలుగు పేర్లకూ ఒకటే వేసి ఉంది. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. వరస నంబర్లు లేకపోతే ఓటు చెల్లదని మూడు వారాలు బోర్డు మీద రాసి మరీ చెప్పాను. అయినా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి పేరు పక్కన నాలుగు వేయడానికి మనవాళ్లకు చెయ్యి ఎలా వస్తుంది?

ఆ ఎనిమిదింటిలో ఒకదాని మీద ఒకట్లకు పైన చిన్న కొక్కెం, కింద గీత ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా మా ఫ్రిజ్ మీద సామాన్ల లిస్టులో చూస్తున్న ఒకటి అది. పక్కన సాక్షులకు ఏమీ తెలియదు. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. తర్వాత దాన్ని చెల్లని ఓట్లలో పెట్టాను.

మిగిలినవి ముప్పై ఆరు. గెలవడానికి పది కావాలి. మొదటాయనకు పదిహేడు, రెండో ఆయనకు ఏడు, మూడో ఆయనకు ఆరు, మా ఆవిడకు ఆరు. మొదటాయనకు ఎక్కువైన ఏడు ఓట్లను ఆ కాగితాల మీది రెండో నంబర్ల దామాషాలో పంచితే రెండో ఆయన సరిగ్గా పదికి చేరాడు. మిగతా ఇద్దరూ చెరో ఎనిమిది. ఇక చీటీ తీయాల్సిందే.

అయ్యగారు కళ్లు మూసుకుని తీశారు. మూడో ఆయన పేరు వచ్చింది.

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కూడా కొట్టింది. బిర్యానీ పది నిమిషాలే ఆలస్యమైంది.

కార్లో కూర్చున్నాక అడిగింది. “చెల్లని ఓట్లు ఎన్ని?”

“ఎనిమిది.”

“అన్నిటి మీదా ఒకట్లేనా?”

“ఊఁ.”

“ఆ మూడో అన్నయ్యగారు ప్రతి క్రిస్మస్‌కీ మనింటికి కేక్ పంపిస్తారు. ఆయన్ని నాకంటే కింద ఎలా పెడతానండీ?”

నేను సీట్ బెల్ట్ సరిచేసుకున్నాను.

“ఒకవేళ నా కాగితం చెల్లి ఉంటే?”

“ఏమో. లెక్క చూడలేదు,” అన్నాను.

నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. కిరాణా కొట్టు క్యూలో నిలబడి మన వంతు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పే మనిషిని నేను.

“సరే. అయితే ఆ ముగ్గురికీ ఫోన్ చేయండి. ఆదివారం వాళ్ల కార్లలో ఎన్ని సీట్లు ఖాళీగా వస్తున్నాయో కనుక్కుని సాయంత్రానికి నాకు చెప్పండి. ఆ లెక్కైనా చూస్తారుగా?”

ఫోన్ తీశాను. మూడో ఆయనకే ముందు చేశాను. ఆయనది ఏడు సీట్ల బండి, వచ్చేది ఇద్దరే.