ఆడి నెలలో సర్వరు మార్చినదాన్ని

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాను గానీ, నిజానికి అప్పట్లో నాకు తెలియనివి ఇంకా చాలా ఉండేవి. తిరువళ్లూరులో డిగ్రీ ముగించి, కనకమ్మ సత్రం దగ్గర మా మేనమామ నడిపే రబ్బరు వాషర్ల షెడ్డులో బిల్లులు కొట్టే పనికి చేరాను. షెడ్డు వెబ్‌సైటూ, అదే పేరుతో ఉన్న మెయిలూ చెన్నైలో ఒక హోస్టింగు అన్న చేతిలో ఉండేవి. సైటు ఎప్పుడు చూసినా పడుకునే ఉండేది. ఫోన్ చేస్తే "సర్వర్ బిజీమా" అనేవాడు. (ఆ సైటు చూసేది మామా, నేనూ. మరి ఎవరితో బిజీ?)

"వేరే కంపెనీకి మార్చేస్తా మామా" అన్నాను ఒకరోజు.

"ఆడి నెల్లోనా? పిచ్చి గిచ్చి పట్టిందా నీకు? ఆడిలో ఎవురన్నా ఇల్లు మారతారా?" (ఆడి అంటే తమిళ ఆషాఢం. మంచి పనులన్నీ అది పోయి ఆవణి వచ్చేదాకా ఆగాలి.)

"సర్వరు ఇల్లు కాదు మామా. దానికి ఆడి యాడుంది, ఆవణి యాడుంది?"

షెడ్డంతా నవ్వింది. మామకు రోషం వచ్చింది. "సరే, మార్చుకో పో. ఒక్క మెయిలు తప్పినా ఇంక కంప్యూటర్ తాకగూడదు. వాషర్లు ఏరుకుంటా కూచోవల్ల."

"సరే" అన్నాను, నడుం మీద చేతులు పెట్టుకుని.

ఆ రోజే మార్చేశాను. సైటు తెరవగానే మామ ఫోటో మొత్తం వచ్చేసింది (అంతకుముందు మీసం దాకా వచ్చి ఆగిపోయేది). పైగా మెయిల్లో చెత్త కూడా తగ్గింది. "చూస్తివా మామా, లోన్ ఇస్తామనేవాళ్లు గూడా రావడంలేదు" అని నేనే చాటుకున్నాను.

మురుగన్ పండగ, ఆడి కృత్తిక నాడు మామ కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండకు వెళ్లాడు. నేనొక్కదాన్నే ఉండగా కోయంబత్తూరు పంపుల కంపెనీ నుంచి ఫోన్. ఆర్డరు మెయిలు పంపితే తిరిగి వస్తోందట. మధ్యాహ్నంలోగా షెడ్డు మెయిలు నుంచే జవాబు రాకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తారట.

తప్పెక్కడుందో వెతికితే దొరికింది. మెయిలు పెట్టె పాత అన్న దగ్గర భద్రంగానే ఉంది. ఉత్తరాలకు దాని దారి చెప్పే ఎమ్‌ఎక్స్ రికార్డు కొత్త కంపెనీ దగ్గర కూడా రాయాలి. నేను సైటు చిరునామా ఒక్కటే రాసి చేతులు దులుపుకున్నాను. గబగబా రాసేసి కూర్చున్నాను. ఇంతలో మామ ఫోన్, వెనక అరోహరా కేకలు.

"కోయంబత్తూరోళ్లు నాకూ ఫోన్ చేసినారు. ఆడి వద్దని అప్పుడే చెప్పినా గదా!"

"ఆడి కాదు మామా, ఎమ్‌ఎక్స్! రాసేసినా. నువ్వు కావడి చూసుకో, మెయిలు నేను చూసుకుంటా" అని ఫోన్ పెట్టేశాను. (మా ఇంట్లో మామ మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేసినవాళ్లు అంతకుముందు లేరు.)

మొదట లోన్ ఇస్తామన్న మెయిలు వచ్చి పడింది. దాన్ని చూసి అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. పంపులవాళ్లకు ఫోన్ చేసి మళ్లీ పంపమన్నాను. ఆర్డరు వచ్చింది, గడువులోపే జవాబిచ్చాను.

సాయంత్రం మామ గుండుతో దిగి నా చేతిలో విభూతి పెట్టాడు. "మురుగన్ కాపాడినాడు."

"కాపాడింది నేను మామా!"

"నిన్ను కాపాడింది ఆయన."

ఇప్పుడు తిరువళ్లూరులో నాకు సొంత దుకాణం ఉంది, ఇదే పని. మొన్న మామ ఫోన్ చేశాడు. "పాపా, షెడ్డు సైటు ఇంకో కంపెనీకి మార్చల్ల."

"రేపే మార్చేస్తా మామా."

"రేపొద్దు. ఆడి కృత్తిక దాకా ఆగు. నేను కొండెక్కుతా, నువ్వు మార్చు. మనకు అదే గదా అచ్చొచ్చింది!"

సర్వరుకి ఆడి యాడుందని మళ్లీ గట్టిగా వాదించాను. గెలవలేదు. దానికి ఆడి తగిలించింది నేనే మరి. క్యాలెండర్లో ఆ రోజు చుట్టూ గీత గీస్తుంటే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. అయినా ఎమ్‌ఎక్స్ రికార్డు మాత్రం ముందురోజే రాసిపెడతాను. మామకు చెప్పను.