శత్రువు లేని మనిషికి తుపాకీ

చందాపుర సర్కిల్ దగ్గర సిటీ బస్సు కోసం రోడ్డు దాటుతుంటే, బైకు మీద వచ్చిన ఇద్దరు నా చేతి సంచి లాక్కుపోయారు. అందులో ఉన్నది చిత్రాన్నం డబ్బా, ఒక అరటిపండు. బంగారం నా చొక్కా కింద, నడుముకు కట్టుకున్న గుడ్డ పటకాలో భద్రంగా ఉంది. నేను బస్సెక్కి, పని ముగించుకుని, దొంగలు ఆ డబ్బా మూత తీసినప్పుడు వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ సాయంత్రం నవ్వుతూ ఇంటికి వచ్చాను. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఇంట్లో ఉండేది నా భార్య ఒక్కతే.

మాది చిన్న నగల అంగడి. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు కమ్మలకూ తాళిబొట్టు గుండ్లకూ వస్తారు. పాత నగ ఇచ్చి కొత్తది చేయించుకునేవాళ్ళే ఎక్కువ. నగలు చేసే ఆచారులు మా దగ్గర లేరు. అందుకని వారానికోసారి ఆ పాత బంగారం సిటీ మార్కెట్లోని పనివాళ్ళకు ఇచ్చి, తయారైనవి తీసుకొస్తాను. నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు ఎవరూ నేర్పలేదు, తూకం వేస్తూ వేస్తూ అవే పట్టుబడ్డాయి. ఇప్పుడు ఏ విషయం విన్నా ముందు దాన్ని భాగహారం చేసి చూడటం అలవాటైంది.

ఆ సాయంత్రం కూడా అదే చేశాను. ఇన్నేళ్ళలో నేను చేసిన ప్రయాణాలన్నీ గుణించి, అందులో దొంగలు వచ్చింది ఒక్కసారి అని భాగించి, దశాంశ బిందువు తర్వాత ఎన్ని సున్నాలు వస్తాయో నా భార్యకు వివరించాను. ఆమె అంతా విన్నది.

"అన్నిట్లో ఒకటే అంటా ఉండారు. నాకుండేదీ ఒకరే గదా" అంది.

ఇంక చాలు, అంగడి మూసేద్దాం అంది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆమె అన్నకు అద్దాల తలుపుల నగల షాపు ఉంది. అక్కడ ఏసీలో తూకం బల్ల ముందు కూర్చోబెడతానని ఆయన ఎప్పటి నుంచో పిలుస్తున్నాడు. మంచి మనిషి, మంచి ఉద్యోగం. కానీ ఆ ఎలక్ట్రానిక్ తక్కెడ ఆయనది, బేరం ఆయనది, వచ్చేవాళ్ళు ఆయన వాళ్ళు. చందాపురలో నా అంగడికి వచ్చే పిల్లకు చెవులు కుట్టించినప్పటి కమ్మలు నేనే ఇచ్చాను, పెళ్ళికి గుండ్లూ నేనే ఇచ్చాను. ఆ షట్టర్ కిందికి దించి చివరిసారి తాళం వేయడం నేను ఊహించుకోలేకపోయాను.

"తుపాకీ లైసెన్సు తీసుకుంటే?" అని అడిగాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, నాకే తెలియదు.

ఆమె కొంచెంసేపు నా మొహం చూసి, "వస్తే సరే" అని లోపలికి వెళ్ళింది. నేను గెలిచాననుకున్నాను.

తుపాకీ లైసెన్సు అంటే ఫారం నింపి ఇచ్చి వచ్చేది కాదని తర్వాత తెలిసింది. ముందు తుపాకీ జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఊరి బయట ఒక షూటింగ్ రేంజి ఉంది. అక్కడ నేర్పేది సైన్యంలో చేసి రిటైరైన పెద్దమనిషి. నేను తుపాకీ పట్టిన చేయి చాచి, గురి పెట్టాల్సిన కార్డు ఎంత దూరంలో ఉంది, గుండు ఎంత కిందికి వంగుతుంది, గాలి ఎటు నుంచి వస్తోంది అని లెక్క వేసుకుంటూ నిలబడితే, ఆయన వెనక నుంచి, గురి చూస్తున్నారా, పంచాంగం చూస్తున్నారా అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నా వేలు ఎలా కదిలిందో, మొదటి గుండు పేలింది. ఆ చప్పుడు పాదాల దాకా దిగింది. చిన్నప్పుడు దీపావళికి కూడా నాకంత సంబరం కలగలేదు. యాభై దాటిన మనిషిని, చెవులకు డిప్పలు పెట్టుకుని పిల్లవాడిలా నవ్వుతూ నిలబడ్డాను.

బొక్కలు పడిన కార్డు ఇంటికి తెచ్చి చూపించాను. నడిమి వలయానికి దగ్గరగా పడినవి ఎన్నో వేలితో చూపుతుంటే, నా భార్య వేలు మాత్రం కార్డు అంచుల మీద తిరిగింది.

"ఇవి పక్కన పోయేవాళ్ళకా?" అంది.

చందాపుర సర్కిల్లో పక్కన ఎవరూ పోని క్షణం ఉండదు. నేను కార్డు మడిచి పెట్టేశాను.

తర్వాత మనసు నిలకడగా ఉందని డాక్టరు సర్టిఫికెట్. డాక్టరమ్మ నన్ను వదిలేసి నా భార్యను అడిగింది, ఈయనకు కోపం వస్తుందా అని. ఎదుటివాళ్ళు కూడిక తప్పు చెబితే వస్తుంది, మిగతా దేనికీ రాదు అంది. డాక్టరమ్మ నవ్వుతూనే సంతకం పెట్టింది.

అసలు చిక్కు పోలీసు విచారణలో వచ్చింది. మా వీధికి పోలీసు విచారణ కొత్త కాదు. సగం ఇళ్ళలో పిల్లలు కంపెనీల్లో ఉన్నారు, పాస్‌పోర్టుల కోసం ఎప్పుడూ ఎవరో ఒకరి గురించి అడగడానికి కానిస్టేబులు వస్తూనే ఉంటాడు. అప్పుడు ఏం చెప్పాలో వీధిలో అందరికీ కంఠోపాఠం. మంచివాడు, ఎవరితోనూ గొడవ లేదు, శత్రువులు లేరు. అదొక మర్యాద. పక్కింటివాళ్ళ మీద మనసులో ఏమున్నా, పోలీసు ముందు ఆ మూడు ముక్కలు చెప్పకపోతే మనిషే కాదు. నా గురించి కానిస్టేబులు వచ్చినప్పుడు కూడా అందరూ అదే చెప్పారు. నా మీద ప్రేమతో ఇంకొంచెం కలిపి కూడా చెప్పారు.

కానిస్టేబులు కోలారు వైపు మనిషి. కాగితాలు పట్టుకుని నా అంగడికే వచ్చి, స్టూలు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఈ వీధిలో మీకు ఒక్క శత్రువైనా లేడా?" అన్నాడు. "ప్రాణానికి ప్రమాదం ఉండాదని ఎవరైనా చెప్తేనే లైసెన్సు ఇస్తారు. వీళ్ళేమో మిమ్మల్ని చూస్తే దొంగలు కూడా దండం పెడతారని రాయించినారు."

మళ్ళీ రెండు రోజుల తర్వాత వస్తాను, ఈలోగా కనీసం ఇద్దరితో మాట్లాడి పెట్టుకోమన్నాడు. ఇది పెద్ద పని కాదనుకున్నాను. నిజమే కదా చెప్పమంటున్నాను, దొంగలు సంచి లాక్కుపోయిన సంగతి అందరికీ తెలుసు.

మా అంగడి మెట్ల పక్కన పూలమ్మే అక్క ఉంది. నాకంటే పెద్దది, మా ఇంటి పూజకు రోజూ పూలు ఆమెవే. ఆమెను అడిగాను. ఆమె కట్టే మూర ఆపి నన్ను పైకీ కిందికీ చూసింది.

"పొద్దున్నే దేవుడికి పూలిచ్చే నోరప్పా ఇది. నీ ప్రాణానికి ప్రమాదం అని దీంతో ఎట్ల చెప్పేది? తథాస్తు దేవతలు ఊరుకుంటారా?" అంది. పైగా అలాంటి మాట అడిగినందుకు దిష్టి తీయించుకోమని నా చేతిలో ఒక నిమ్మకాయ పెట్టింది.

ఎదురుగా మందుల షాపు ఆయన చదువుకున్నవాడు, ఇవేవీ నమ్మడు. నాతో పార్కింగ్ గురించి రోజూ గొడవ పడే ఏకైక మనిషి కూడా ఆయనే. వెంటనే ఒప్పుకున్నాడు. ఇందులో ఏముంది, ఉన్నదే చెబుతాను అన్నాడు. కానిస్టేబులు వచ్చాడు, పెన్ను తీశాడు. మందుల షాపు ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈయన ప్రాణానికి" అని ఆగాడు. మళ్ళీ "ఈయన ప్రాణానికి" అన్నాడు. నా మొహం చూశాడు. "ఈయన నూరేళ్ళు చల్లగా ఉండాల సార్" అని, గబగబా షాపులోకి వెళ్ళి ఎవరికో దగ్గు మందు ఇవ్వసాగాడు.

కానిస్టేబులు చాలాసేపు నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ అతను వెళ్ళిన తర్వాత షట్టర్ వైపు చూస్తే నవ్వు ఆగిపోయింది. ఆ రిపోర్టు అలాగే పోతే లైసెన్సు రాదు. లైసెన్సు రాకపోతే నేను మా బావగారి ఏసీలో కూర్చోవాలి.

ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. మా ఇంట్లో సరదాకు కూడా చెడ్డ మాట అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనే అంటుంది నా భార్య. అలాంటిది ఆమె స్టవ్ ఆర్పి, "ఎవరూ చెప్పకపోతే నేను చెప్తా" అంది.

విచారణకు పిలిచిన రోజున ఇద్దరం జిల్లా ఆఫీసుకు వెళ్ళాం. కాగితాలు చూసే అధికారి మొదట కన్నడలో మొదలుపెట్టి, మేమిద్దరం గుసగుసలాడటం విని తెలుగులోకి వచ్చాడు. గోదావరి వైపు యాస. పోలీసు రిపోర్టు చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది తుపాకీ లైసెన్సుకి రాశారా, పెళ్ళి సంబంధానికి రాశారా అండీ?" అన్నాడు.

తర్వాత నా భార్య వైపు తిరిగి, మీరు చెప్పండమ్మా, మీ ఆయనకు నిజంగా ప్రమాదం ఉందా అని అడిగాడు. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఉండాది సార్" అంది. "వారం వారం ఉండాది. ఈయన బస్సు ఎక్కినప్పటి నుంచి ఇంటి గేటు చప్పుడయ్యే దాకా నాకు అన్నం సయించదు."

అధికారి మొహంలో నవ్వు పోయింది. పెన్ను తీసి రాసుకున్నాడు. నా కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, తక్కువైంది ఈ ఒక్క మాటే. పని అయిపోయిందని నాకు అర్థమైంది. ఆయన పెన్నుకు మూత పెడుతూ, మర్యాదకు అన్నట్టు, సరేనమ్మా, తుపాకీ ఉంటే ఇక మీరు ధైర్యంగా ఉంటారు కదా అన్నాడు.

"లేదు సార్. ఇప్పుడు భయం ఒకటే. అది ఇంటికొస్తే రెండు."

అధికారి నా వైపు చూశాడు. నేను బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన గాజు గుండు వైపు చూస్తున్నాను.

"మరి ఎందుకు వచ్చారమ్మా ఇంత దూరం?"

"అంగడి మూసేద్దామని చెప్పినప్పుడు ఈయన మొగం చూడలేకపోయినా సార్. ఆ మొగం మళ్ళీ చూడొద్దని వచ్చినా."

ఎన్నో నెలలుగా నేను ఈ తిరుగుడంతా ఆమె భయం పోవాలని చేస్తున్నాననుకున్నాను. ఆమె నా అంగడి నిలవాలని తిరుగుతోంది. తుపాకీ మా ఇద్దరిలో ఎవరికీ అక్కరలేదు. ఇంత చిన్న లెక్క నాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. అధికారి పెన్ను పక్కన పెట్టి, లైసెన్సు ఇవ్వొచ్చని తాను రాయగలనని, కానీ బయటికి వెళ్ళి ఒకసారి ఇద్దరూ మాట్లాడుకుని భోజనాల తర్వాత రమ్మని చెప్పాడు.

ఎదురుగా ఉన్న దర్శిని హోటల్లో ఒక కాఫీ బై-టూ చెప్పి, రెండు గ్లాసుల్లో పంచుకుని, నిలబడి తాగాం. ముందు ఆమే మాట్లాడింది.

"అంగడి మూయొద్దు. నేనూ వస్తా మార్కెట్టుకు."

అప్పుడు ప్రమాదం ఇద్దరికీ ఉంటుంది కదా అన్నాను. అది లెక్క ప్రకారం సరైన మాటే.

"ఇంట్లో ఉంటే నాకు లేదనుకుంటా ఉండారా?" అంది.

కాఫీ గ్లాసు అక్కడ పెట్టి, భోజనాల దాకా ఆగకుండా రోడ్డు దాటి, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. కారణం ఏమని రాయమంటారని అడిగితే, అధికారి ఆలోచించి, "కుటుంబ కారణాలు అని రాయండి. అంతకంటే నిజం ఇంకేముంది" అన్నాడు.

తర్వాతి వారం నుంచే మొదలుపెట్టాం. బంగారం పటకా ఇప్పుడు ఆమె చీర కుచ్చిళ్ళ లోపల ఉంటుంది. చేతిలో మాత్రం మునగాకు కట్టలు పైకి కనిపించే కూరల సంచి. నేను ఖాళీ చేతులతో, దొరలా వెనక నడుస్తాను. పూలక్క మా ఇద్దరినీ చూసి, ఈ వయసులో హనీమూనా అని వీధంతా వినిపించేలా అడిగింది. నా భార్య సిగ్గుపడకుండా, అవునక్కా, మార్కెట్టుకు అంది.

బస్సులో కండక్టరు నాకు టికెట్ కొట్టి, ఆమెకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత ప్రయాణపు సున్నా టికెట్ చేతికిచ్చాడు. కాపలా మనిషికి బస్సు ఖర్చు లేదన్నమాట అని నేను ఆనందపడ్డాను. కిటికీ పక్క సీటు ఆమెదే. సిల్క్ బోర్డు సిగ్నలు దగ్గర బండ్లన్నీ ఆగిపోతే నేను ఎప్పుడూ గడియారం చూసుకుంటూ విసుక్కునేవాణ్ణి. ఆమె పక్క బస్సులోని ఎవరో పసిబిడ్డతో కళ్ళతో ఆడుకుంటూ, పచ్చ లైటు పడితే అప్పుడే పోవాల్నా అన్నట్టు చూసింది.

మార్కెట్లో పనిచేసే ఆచారి ఏళ్ళుగా నన్ను సాయంత్రం దాకా కూర్చోబెట్టేవాడు. ఇదో అయిపోయింది, అదో అయిపోయింది అనేవాడు. ఆ రోజు నా భార్య అతని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, అతని పిల్లల చదువులు, అతని భార్య మోకాళ్ళ నొప్పి అన్నీ అడిగింది. మధ్యాహ్నానికే కమ్మలన్నీ మెరుగు పెట్టి చేతికొచ్చాయి. అతను నన్ను పక్కకు పిలిచి, అమ్మను ఇన్నాళ్ళు ఎందుకు తీసుకురాలేదని కోప్పడ్డాడు.

తిరుగు బస్సుకు ఇంకా సమయం ఉంది. కాపలా మనిషికి జీతం ఏమిస్తారని ఆమె అడిగింది. మసాలా దోసె అన్నాను. మార్కెట్ సందులో, పెనం ఎదురుగానే నిలబడి తిన్నాం. ఆమె తనది పూర్తిగా తినేసి, ఇంకా ఆకలిగా ఉందంటూ, నా ప్లేటులో మిగిలిన సగం కూడా తన వైపుకు లాక్కుంది.