పండవెట్టు

పక్షవాతం వచ్చి మా అత్తమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి దవాఖాన నుంచి రెండే మాటలతో తిరిగి వచ్చింది. ఒకటి "వద్దు". రెండోది "పండవెట్టు".

వద్దుతో నాకు ఇబ్బంది లేదు, పెళ్లైనప్పటి నుంచి వింటున్నదే. నన్ను పిచ్చిదాన్ని చేసింది రెండోది. పండవెట్టు అంటే పడుకోబెట్టమని మా వరంగల్లులో ఎవరినడిగినా చెబుతారు. కూర్చోబెడితే పండవెట్టు అనేది. పడుకోబెడితే మళ్లీ పండవెట్టు. ఎడమకు తిప్పినా అదే, కుడికి తిప్పినా అదే. ఆమెది భారీ ఒళ్లు. తిప్పలేక నా నడుము పట్టేసింది. పైగా తిప్పుతుంటే ఎడమ చేత్తో నా మోచేతి మీద కొట్టేది.

చెప్పింది ఎవరికీ అర్థం కాకపోతే చెప్పడమే మానేస్తారని, ఎలాగైనా మాట్లాడించమని డాక్టరు అన్నాడు. ఆ భయం ఒకటి నాకు. ఉన్న రెండు మాటలూ పోతే ఇక ఆమెతో ఎట్లా?

మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం. డ్యూటీ నుంచి ఫోన్ చేసేవాడు.

"అమ్మ ఏమంటాంది?"

"పండవెట్టుమంటాంది."

"మరి జర పండవెట్టరాదు?"

"ఇంకేడ పండవెట్టాలె? నువ్వే వచ్చి పండవెట్టు," అని ఫోన్ పెట్టేసేదాన్ని.

దానికి తోడు బొంత పని మీద పడింది. ఆమె కింద ఎప్పుడూ ఆమె కుట్టిన బొంతే ఉండాలి, పరుపు వేస్తే వద్దు అనేది. ఉన్న ఒక్కటీ ఉతికి ఉతికి చీకిపోయింది. ఆమె పాత నేత చీరలు కోసి ఇంకోటి కుడదామని మిషను ఆమె మంచం పక్కకే జరుపుకున్నాను.

ముక్కకు ముక్క కలిపిన చోట లోపలి అంచులు లేచి నిలబడతాయి. అవి అణగాలి. ఆమె దీనికి ఇస్త్రీ పెట్టె ముట్టేది కాదు. దర్వాజ చేయగా మిగిలిన టేకు ముక్కను ఒక అంచు పలచగా గీయించుకుని ఉంచుకుంది. కుట్టు మీద తడి వేలు రాసి ఆ చెక్కతో ఒక్కసారి గీస్తే చాలు, కుట్టు మళ్లీ లేచేది కాదు. నేను గీస్తే ఈ చివర అణిగేలోపు ఆ చివర లేచేది. జాకెట్టు కుట్టినట్టే రెండు అంచులనూ విడదీసి చెరో పక్కకు గీస్తున్నాను, అంతకంటే నాకు తెలియదు. చెక్క జారి వేలి గోరు కూడా చిట్లింది.

ఒక మధ్యాహ్నం ఆమెను దిండు ఆనించి కూర్చోబెట్టి, ఆ కుట్టుతో కుస్తీ పడుతున్నాను.

"పండవెట్టు," అన్నది.

లేచి, దిండు తీసి పడుకోబెట్టాను.

"వద్దు. పండవెట్టు."

మళ్లీ కూర్చోబెట్టాను. చెక్క చేతిలోకి తీసుకున్నానో లేదో, "పండవెట్టు."

చేతిలోని గుడ్డను మంచం మీదికి విసిరేశాను. "ఎవల్ని పండవెట్టాలె అత్తమ్మా? నిన్నా, నన్నా? నా నడుము ఇరుగుతాంది."

గుడ్డ ఆమె ఒళ్లో పడింది. ఆమె దాన్ని ఎడమ చేత్తో పరిచి, లేచి ఉన్న అంచులు రెండింటినీ కలిపి ఒకే పక్కకు వాల్చి, బొటనవేలి గోరుతో గీసింది. నా వైపు చూసి, "పండవెట్టు," అన్నది.

బొంత నేర్చుకోవడానికి వచ్చే వాడకట్టు ఆడవాళ్లకు ఆమె ఎప్పుడూ చెప్పే మాట అప్పుడు గుర్తొచ్చింది: "కుట్టు నిలవడ్డది బిడ్డా, ఒక దిక్కు పండవెట్టు." ఆ వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. ఆమెను ఒక పక్కకు ఒరిగించి కింది బొంతను తడిమాను. చీకిన అతుకు ఒకటి తాడులా లేచి ఉంది. ఆమె వీపు మీద అంతే పొడవున ఎర్రటి గీత. రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు చూస్తూ, దుప్పటి మడత అచ్చు పడిందనుకున్నాను. ఇన్నాళ్లూ ఆమె చెబుతూనే ఉంది. నాకు ఏడుపు రావాలి కానీ కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఆ బొంత లాగేసి మెత్తటి దుప్పట్లు పరిచాను. చెక్క తీసి ఆమె ఎడమ చేతికిచ్చి, గుడ్డ బిగబట్టి పట్టుకున్నాను. వంకరగా, నిదానంగా గీసింది. కుట్టు అణిగింది. అలా కుట్టు తర్వాత కుట్టు గీస్తూ పోయింది. సాయంత్రానికి ఆమె చెయ్యి వణకడం మొదలైంది.

"పండవెట్టు," అన్నది.

ఈసారి నాకు బాగా తెలుసు కదా. ఇంకో కుట్టు ముందు పెట్టాను.

"వద్దు. పండవెట్టు."

ఇది నచ్చలేదేమోనని ఇంకోటి పెట్టాను. ఆమె చెక్కను మంచం మీద పడేసి నన్ను కొరకొరా చూసింది. పెదవులు ఒక పక్కకు లాక్కుపోయాయి. గొంతులో ఏదో కొట్టుకుని, కొట్టుకుని, బయటపడింది.

"నన్ను," అన్నది.

మూడో మాట. అది కూడా నా మీద కోపంతోనే వచ్చింది. దిండు తీసి ఆమెను పండబెట్టాను.