చక్రాల గదిలో ప్లగ్గుల పంచాయితీ

మా మామకు బంగారుపాళ్యం చుట్టుపక్కల మూడు చోట్ల మామిడి తోటలుండేవి. ఒకదానికొకటి దూరం. కాయ పక్వానికొచ్చే రోజుల్లో మా కుటుంబం ఇంటికి తాళం వేసి తోటల వెంట తిరిగేది. తిరిగేది అంటే మామ తిరిగేవాడు. ఆయన వెనకాల పొయ్యీ గిన్నెలూ మోసుకుని నేనూ మా అత్తా తిరిగేవాళ్లం. ఏ తోటకు పోతే ఆ తోటలో కొబ్బరాకుల కొట్టం వేసుకుని, కోత అయ్యేదాకా ఉండి, ఇంకో తోటకు మారేవాళ్లం.

నా పెళ్లయిన కొన్నేళ్లకు మా వైపు సెల్‌ఫోన్లొచ్చాయి. మొదట ఊరి పెద్దల జేబుల్లోకి, తర్వాత జేబున్న ప్రతి మగవాడి దగ్గరికీ వచ్చాయి. మా మామ కూడా ఒకటి కొన్నాడు. అన్నిటికన్నా దూరంగా ఉండే తోటకు కరెంటు లైను లేదు. అక్కడికి పోయిన రెండో రోజుకే ఫోను చచ్చిపోయేది. ఇక ఆయన మొహం చూడాలి, సొంత మనిషి పోయినట్టే. నిజానికి ఆ ఫోనుకు వచ్చే కాల్సే తక్కువ. అందులో సగం మా ఇంటి అల్లుడి దగ్గర్నుంచి, ఫోను బాగా పనిచేస్తా ఉందా అని అడగడానికి.

ఈ అల్లుడు మా ఆడబిడ్డ భర్త. బెంగళూరులో ఏదో కంపెనీలో ఉద్యోగం. ఏం పని అని ఎవరైనా అడిగితే టెక్నికల్ అనేవాడు, అంతటితో అడిగినవాళ్లు ఊరుకునేవారు. కాయ పండే వేళకు సెలవు పెట్టి వచ్చేవాడు, కాయ అయిపోయే వేళకు సెలవు అయిపోయేది. మా ఇంట్లో అల్లుడి మాటకు ఎదురు చెప్పే ఆచారం లేదు. అందుకే మాట్లాడే ముందు ఆలోచించే అలవాటు ఆయనకు తప్పిపోయింది.

ఒక వేసవిలో ఆయన ఏదో పుస్తకంలోంచి కత్తిరించిన రంగుల బొమ్మ తెచ్చాడు. ఎక్కడో విదేశంలో కారు వెనకాల చిన్న ఇల్లు తగిలించి ఉంది. దాని ముందు మడత కుర్చీల్లో ఇద్దరు దొరలు కూర్చుని టీ తాగుతున్నారు.

“ఈళ్లు కొట్టాలు ఏసుకోరు మామా. ఇంటినే ఎనకాల తగిలించుకోని పోతారు” అన్నాడు.

మామ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. వంట ఎక్కడ చేస్తారని మా అత్త అడిగింది. లోపల చేస్తారేమో అన్నాడు అల్లుడు. ఆ తర్వాత వంట సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేల చెక్కలు పుచ్చిపోయిన పాత ట్రాక్టరు ట్రైలరు ఒకటి మా దొడ్లో పడి ఉండేది. దాన్ని చిత్తూరులో లారీలకు బాడీ కట్టే షెడ్డుకు తోలుకుపోయారు. చుట్టూ రేకు గోడలు, పైన రేకు కప్పు, రైల్లో మాదిరి రెండు బెర్తులు, ఒక కిటికీ, ఎక్కడానికి ఇనుప మెట్లు. తెల్ల రంగు కొట్టి పంపించారు. హైవే మీద దాన్ని లాక్కొస్తుంటే దారిలో చూసినవాళ్లు, పాపం ఎవరికి బాగలేదు అని అడిగారట.

తర్వాత కరెంటు పని చేసే ఆయన వచ్చాడు. బజారు వీధి మనిషి. పాయింటుకు ఇంత అని తీసుకునేవాడు కాబట్టి ఎవరేమి చెప్పినా పెట్టచ్చు అనేవాడు. పెట్టకూడదు అన్న మాట ఆ నోట నేను వినలేదు. గది అంతా ఒకసారి చూసి, ప్లగ్ పాయింట్లు ఎక్కడెక్కడ పెట్టాలి అని అడిగాడు. మా ఇంట్లో మనశ్శాంతి పోయింది ఆ ప్రశ్నతోనే.

ఆ సాయంత్రం వసారాలో పంచాయితీ కూర్చుంది. మామ కుర్చీలో, అల్లుడు మంచం మీద, మా ఆయన గడప దగ్గర. మా ఆయన చిత్తూరులో బ్యాంకు గుమాస్తా. ఆయన అభిప్రాయం ఏమిటని ఎవరడిగినా, అప్పటికి ఆఖరున మాట్లాడింది ఎవరో వాళ్ల అభిప్రాయమే ఆయనదిగా ఉండేది. అందువల్ల ఆయనకు శత్రువులు లేరు.

ముందు తేలాల్సింది ఏ రకం ప్లగ్గులు అన్నది. కార్లలో సిగరెట్టు వెలిగించుకునే గుండ్రటి బొక్క ఉంటుంది కదా, అదే పెట్టాలని అల్లుడి పట్టు. అది నేరుగా బ్యాటరీ మీద నడుస్తుంది, బెంగళూరులో అందరూ అదే వాడతారు అని చెప్పాడు. మామ ఒప్పుకోలేదు.

“నేను బీడీ మానేసి పదేండ్లాయ. ఇప్పుడు నా తలకాడ సిగరెట్టు బొక్క ఎందుకప్పా?”

అది సిగరెట్టుకు కాదు, ఫోనుకు అని అల్లుడు ఎంతో ఓపికగా చెప్పాడు. అట్లయితే దాని పేరు సిగరెట్టు ఎందుకయింది అని మామ అడిగాడు. గంటసేపు ఇదే నడిచింది. చివరికి ఇద్దరి మాటా దక్కేట్టు రెండు రకాలూ పెట్టాలని తీర్మానమయింది: అల్లుడి బెర్తు పక్కన గుండ్రటి బొక్కలు, మామ వైపు ఇన్వర్టరు పెట్టి ఇంట్లో ఉండేలాంటి ప్లగ్గులు. రెండూ సరైనవే అన్నాడు మా ఆయన.

తర్వాత ఎత్తు సంగతి వచ్చింది. మామ ప్లగ్గు తలగడ కంటే పైన ఉండాలి. అల్లుడిది దానికంటే కింద ఉంటే మర్యాద కాదు, పైన ఉంటే మామకు మర్యాద కాదు. ఇంటి పెద్దకూ ఇంటి అల్లుడికీ మధ్య ప్లగ్గు ఎంత ఎత్తులో ఉండాలో మా శాస్త్రాల్లో ఎక్కడా లేదు. టేపు తెప్పించి ఇద్దరికీ సమానంగా గీత గీశారు. వచ్చేపోయే బంధువుల కోసం కిటికీ కింద ఒక వరస. సన్న పిన్ను ఫోన్లకు ఒక వైపు, లావు పిన్ను ఫోన్లకు ఒక వైపు. పిన్ను వేరైనా గోడకు తగిలించే కొస ఒకటే అని నేను అన్నాను. మామ నా వైపు చూసి, మజ్జిగ తెమ్మన్నాడు.

మజ్జిగ తెచ్చాక ఇంకో మాట కూడా అన్నాను. ఇన్నిటికీ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అని.

“ట్రాక్టర్లో బ్యాటరీ ఉండాదిగదమ్మా” అన్నాడు అల్లుడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. “ఇంకొకటి కొనేదెందుకు, దండగ.”

అప్పుడు మా అత్త నోరు తెరిచింది. వంట చేసేవాళ్లం మేమే కదా, మాకొక పాయింటు పెడితే పొద్దుగూకాక లైటు వెలిగించుకుంటాం అంది. అందులో తప్పేమీ లేదని మామ ఒప్పుకున్నాడు. మగవాళ్లు పడుకునే చోటికి ఆడవాళ్లు ఊరికే వచ్చిపోతుంటే బాగుండదు కాబట్టి లేడీస్ పాయింటు బయట పెట్టమన్నాడు. ట్రైలరు వెనక, చక్రానికి జానెడు పైన చాలదా అని అల్లుడు సర్దుబాటు చేశాడు. కరెంటాయన పెట్టచ్చు అన్నాడు.

పని పూర్తయ్యాక లోపలికి పోయి చూశాను. గోడ నిండా ప్లగ్గులే. గుడ్డలు తగిలించుకోవడానికి ఒక మేకు కొట్టే చోటు మిగల్లేదు. నీళ్ల బిందె పెట్టుకునే చోటు ఎవరికీ తట్టలేదు.

మంచి రోజు చూసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దూరం తోటకు బయలుదేరాం. ట్రాక్టరు, దాని వెనక మా చక్రాల గది; కాయలు మోసే ట్రైలరు ముందురోజే అక్కడికి చేరింది. ఇరుగూ పొరుగూ చూడ్డానికి వచ్చారు. మా ఆయన మాత్రం బ్యాంకుకు సెలవు దొరకలేదని ఆగిపోయాడు.

తోటలో మామిడి చెట్ల నీడన ఇంజను ఆపారు. అల్లుడు మెట్లెక్కి, స్విచ్చి వేశాడు. ఇన్వర్టరు మీద ఎర్ర బొట్టు వెలిగింది. వెంట వచ్చినవాళ్లంతా తమ తమ ఫోన్లు తెచ్చి తగిలించారు. కొందరివి నిండుగానే ఉన్నాయి, అయినా తగిలించారు. అల్లుడు చిన్న ఫ్యాను పెట్టాడు. బెంగళూరు నుంచి తెచ్చిన బుల్లి టీవీ పెట్టాడు. మామ తన ప్లగ్గులకు చార్జింగు లైటు, రేడియో, ఫోను వరసగా తగిలించి, బెర్తు మీద కాళ్లు చాపుకుని పడుకున్నాడు. ఆ మొహంలో అంత తృప్తి కొడుకు పుట్టిననాడు కూడా లేదని మా అత్త చెప్పింది.

బయట ఎండలో నేనూ అత్తా మూడు రాళ్లు పెట్టుకుని కూలీలకు వంట చేశాం. మధ్యాహ్నానికి తోతాపురి కాయ కోత అయింది. హైవే మీది గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు ఆ సాయంత్రానికి టోకెను ఇచ్చి ఉన్నారు. ఆ టైముకు పోకపోతే మళ్లీ వరస చివర నిలబడాలి. కూలీలు రెండో ట్రైలరుకు కాయ నింపారు. గదిని విప్పి కాయల ట్రైలరు తగిలించారు. డ్రైవరు ఎక్కి తాళం తిప్పాడు. ట్రాక్టరు టిక్కుమని ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. ఈసారి టిక్కు కూడా లేదు.

కాయల ట్రైలరు విప్పి, అందరూ కలిసి ట్రాక్టరును నెట్టారు. దుక్కి నేలలో చక్రాలు దిగబడ్డాయి. ఎవరికైనా ఫోను చేసి ఇంకో ట్రాక్టరు తెప్పిద్దామన్నాడు అల్లుడు. అన్ని ఫోన్లూ నిండుగా చార్జయి ఉన్నాయి. ఆ పల్లంలో ఒక్కదానికీ సిగ్నలు లేదు. అల్లుడు చెట్టెక్కాడు. మామ పంచె ఎగ్గట్టి గుట్ట మీది బండరాయి ఎక్కి, చెయ్యి పైకి చాపి, ఆకాశానికి ఫోను చూపించాడు. అక్కడ ఒక గీత దొరికింది. బ్యాంకులో ఉన్న కొడుక్కి అలవాటు ప్రకారం మిస్డ్ కాల్ ఇచ్చాడు. మా ఆయన కూడా ఆయన కొడుకే కదా, చూసుకుని తిరిగి మిస్డ్ కాల్ ఇచ్చాడు. తండ్రీకొడుకులు ఒకరికొకరు మిస్డ్ కాల్స్ ఇచ్చుకుంటూ ఉండగానే టోకెను టైము దాటింది.

నేను చేతులు కడుక్కుని, కాలిబాటన రోడ్డు దాకా నడిచాను. పాల క్యాన్లతో పోతున్న మోటారుసైకిలాయన్ని ఆపి, పక్క తోట రైతుకు కబురు చెప్పమన్నాను. పొద్దు వాలకముందే ఆ రైతు తన ట్రాక్టరుతో వచ్చాడు. బ్యాటరీకి బ్యాటరీ వైర్లు కలిపి మా ట్రాక్టరును స్టార్టు చేయించాడు. పోయేముందు చక్రాల గదిలోకి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఏం మామా,” అన్నాడు, “ఈడ టెలిఫోను ఎక్చేంజి పెట్టినారా?”

కాయ రెండు రోజులు ఫ్యాక్టరీ వరసలో ఎండలో నిలబడింది. అడుగు కాయ నలిగి, కారి, ఈగలు ముసిరాయి. దక్కిన రేటు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మాట్లాడింది ఆ నష్టం ఎవరి వల్ల అని. మళ్లీ వసారాలో కూర్చున్నారు. అల్లుడు బాగా ఆలోచించి కారణం కనుక్కున్నాడు. ఫోన్లు ఎంత తింటాయి, ఏమీ తినవు. ఫ్యాను చిన్నది. టీవీ బుల్లిది. బ్యాటరీ పీల్చేసింది బయటి పాయింటు. బయట పెట్టింది ఎప్పుడూ కరెంటు కారతా ఉంటుంది. మా ఆయన తలూపాడు, ఎందుకంటే ఆఖరున మాట్లాడింది అల్లుడు. మామ మా అత్త వైపు చూసి, నేను ముందే అనుకున్నా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. దొడ్లోకి పోయి, స్క్రూడ్రైవరు తెచ్చి, వాళ్లందరి ఎదురుగా, ఇంటి ముందు నిలిపిన గది చక్రం పైనున్న ఆ లేడీస్ పాయింటు మూత విప్పాను. వెనక వైరే లేదు. ఖాళీ డబ్బా. కరెంటాయన దానికి వైరు లాగడం అనవసరం అనుకున్నాడో, ఎవరైనా వద్దన్నారో నాకు తెలియదు. మూత తీసుకెళ్లి మామ ముందు పెట్టాను.

“మామా, ఇది ఏం పీల్చిందో అన్నను సెప్పమనండి” అన్నాను.

అల్లుడు మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. క్వాలిటీ బాగుంది అన్నాడు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆమె నవ్వు వంటింట్లోంచి కూడా వినిపించింది. నా పెళ్లయ్యాక ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

ఆ ఏడాది మిగతా కోతకు చక్రాల గది ఇంటి ముందే నిలబడిపోయింది. అల్లుడు అందులో పడుకునేవాడు. ఫోను మాత్రం ఇంట్లోకి వచ్చి చార్జింగు పెట్టుకునేవాడు. తోటకు తోడుగా ఆయన రావడం, అదృష్టవశాత్తూ, తగ్గింది. మరుసటి ఏడు కోతలైపోయాక మామ దాన్ని పలమనేరు దారిలో టిఫిను అంగడి పెట్టుకునే భార్యాభర్తలకు అమ్మేశాడు. అంత మంచి గది తోటలో దుమ్ము కొట్టుకుపోవడం ఇష్టంలేక ఇచ్చానని ఊళ్లో చెప్పుకున్నాడు.

ఒకసారి ఆ దారిన పోతూ నేనూ మా ఆయనా అక్కడ దిగాం. గోడకున్న కిటికీని వెడల్పు చేసి, అందులోంచి దోసెలు అందిస్తున్నారు. కిటికీ కింది ప్లగ్గు బొక్కల్లో ఊదొత్తులు గుచ్చి ఉన్నాయి. ఇది ముందు ఎవరిదమ్మా అని, దోసెలు పోసే ఆమెను ఏమీ ఎరగనట్టు అడిగాను.

“ఎవురో పెద్దరైతుదంట. పిచ్చాయన మాదిరుండాడు. కూసోను తావులేదు గానీ ప్లగ్గులు మాత్రం ఇల్లంతా పెట్టినాడు” అంది ఆమె.

మా ఆయన అవునంటూ తలూపాడు. ఆమె మా ఇద్దరికీ రెండేసి దోసెలు వేసింది. అంచులు బాగా కాలాయి. చట్నీలో కొంచెం ఉప్పు తక్కువైంది. అడిగితే ఉప్పు డబ్బా చేతికిచ్చి, తగినంత వేసుకోమంది.