దొర ఇచ్చిన చుట్ట

మెర్దేకాకు, అంటే ఇక్కడి స్వాతంత్ర్యానికి ముందు, కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో, క్వాలా సెలంగోర్ నుంచి క్లాంగ్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. మూట కాస్త జరపమంటే కళ్లురిమింది.

అడవిలో దాక్కున్నవాళ్లకు తిండి చేరకుండా దారిలో సోదా చేసేవాళ్లు. ఒక తెల్ల ఆఫీసరు, తమిళ పోలీసు బస్సెక్కారు. ఆమె పెదాల మధ్య ఆరిపోయినట్టున్న చుట్ట ముక్క. అయినా పొగ వస్తోంది. తీసి చూపించమన్నారు. తీసింది. నోట్లో ఉన్న కొసనే నిప్పు ఎర్రగా ఉంది. మావైపు ఆడవాళ్లు తాగే అడ్డపొగ అది.

ఆఫీసరు పగలబడి నవ్వాడు. తను కాలుస్తున్న లావుపాటి చుట్టను ఆమె చేతికిచ్చాడు.

"క్యూబాలో చేత్తో చుట్టినది. ఈ రకం ఇప్పుడు చెయ్యడమే మానేశారట. నిప్పు లోపల పెట్టుకుని చూపించమంటున్నాడు దొర," అన్నాడు పోలీసు తమిళంలో.

ఆమె తడిసిన కొసను చూసింది. చుట్టను కిటికీలోంచి బురదలోకి విసిరేసింది.

"ఎంగిలి," అంది.

ఏమందని ఆఫీసరు గద్దించాడు. చెయ్యి పిస్తోలు మీదికి పోయింది.

"చెయ్యి కాలిందట, తువాన్," అన్నాడు పోలీసు, ఆమె వైపు చూడకుండా.

బస్సు కదిలాక, "కాల్సేసేవోడు కదా మామ్మా," అన్నాను.

ఆమె నా ఇస్త్రీ చొక్కాను అసహ్యంగా చూసింది. "నువ్వు తింతావేటి, ఆడి ఎంగిలి?"

అప్పట్లో నేను రబ్బరు తోట తెల్లదొర దగ్గర గుమాస్తాను.