కూలికి నేసే వదిన

గద్వాల చీరకు పట్టంచు కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. పదకొండేళ్లుగా ఆ ఇద్దరం ఆమే, నేనూ. ఇద్దరు ఆడవాళ్లం, ఆలుమగల్లాగే ఒకే ఇంట్లో బతుకుతున్నాం. అది తెలిసి కూడా నన్ను నోరారా వదినా అని పిలిచింది ఆమె తమ్ముడొక్కడే.

దవాఖానలో ఆమె ఆపరేషన్‌కు నేను సంతకం పెట్టబోతే, ఏమవుతావని నర్సు అడిగింది. మా బంధానికి చట్టంలో పేరు లేదు. పక్కనే ఉన్న ఆమె తమ్ముడైనా చెబుతాడని చూశాను. వాడు నా చేతిలో పెన్ను లాక్కుని, "మా అక్క కాడ కూలికి నేస్తది" అన్నాడు.

ఆమె ఇల్లు చేరిన మర్నాడు చూడ్డానికొచ్చి, "వదినా, జర చాయ్ పెట్టు" అన్నాడు.

"కూలికి నేసేటామె నీకు వదిన ఎట్లయితదిరా? పో, హోటల్ల తాగు."