జేబులో అదిరే ఫోన్

మా బావ కోతమిల్లులో రంపం దగ్గర పని చేస్తాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ మోత వినీ వినీ చెవులు సగం పోయాయి. ఏదైనా చెబితే మన పెదాల వైపు చూస్తాడు. రంపం సరిగ్గా తిరుగుతోందో లేదో కూడా చెవితో తేల్చడు, బల్ల మీద అరచెయ్యి ఆనించి చెప్పేస్తాడు.

నిరుడు అక్క ఏడో నెలలో స్నానాలగదిలో జారిపడింది. పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఫోన్ బావ జేబులోనే ఉంది, రంపం పక్కన అతనికి వినపడలేదు. బిడ్డ దక్కలేదు. అక్క ఆ సంగతి ఎత్తి ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేదనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మళ్లీ తొమ్మిదో నెల. పాత ఫోన్ మోగుతుంది గానీ అదరడం మానేసింది. అందుకే సాయంత్రం పని దిగగానే అతన్ని నేరుగా షాపుకి లాక్కెళ్లాను. అక్క ఇంట్లో ఒక్కతే ఉంది.

కెమెరా చూడమని నేను, బ్యాటరీ చూడమని షాపమ్మాయి ఊదరగొట్టాం. బావ ఏదీ పట్టించుకోలేదు. తన సిమ్‌ని ఒక్కో ఫోన్‌లో వేయించి, రింగు ఆపించి, దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను వెనక నిలబడి ఫోన్ చెయ్యాలి. మొదటిది బాగా తెలుస్తోందన్నాడు. రెండోదీ అంతే. మూడోదానికీ తల ఊపాడు.

"బావా, నేనింకా చెయ్యనేలేదు."

అతను కళ్లు తెరిచి అరచేతులకేసి చూసుకున్నాడు. ఎనిమిది గంటల రంపం ఇంకా ఒంట్లో తిరుగుతూనే ఉంది. పని దిగాక గంటసేపు ఒళ్లంతా జివ్వుమంటుందని మిల్లులో అందరికీ తెలుసు. మా ఇద్దరికే ఆ మాట గుర్తు రాలేదు. ఇంతసేపూ అతను చెప్పినదంతా గంగపాలు.

ఒళ్లు కుదుటపడేదాకా ఆగుతానని స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగోదానికి సిద్ధంగా ఉంటుందని నేను సిమ్ తీసి బల్ల మీద పెట్టాను. పావుగంటకి నా ఓపిక అయిపోయింది. అన్నీ ఒకటే, ఏదో ఒకటి తీసుకోమని విసుక్కున్నాను.

"నాకు ఒకటే కాదురా," అన్నాడు, నెమ్మదిగా.

అరగంట నిండాక సిమ్ వేయించి నాలుగో ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను నంబరు వెతుకుతుండగానే వచ్చిందన్నాడు. ఇతనితో తెల్లారినట్టే ఉందనుకుని, నేను చెయ్యలేదని మళ్లీ చెప్పాను. బావ మొహం వాడిపోయింది. షాపమ్మాయే అతని జేబు వైపు చూపించింది. పలచటి చొక్కాలోంచి వెలుగు కనిపిస్తోంది.

స్పీకర్ పెట్టాడు. అక్క.

"అరగంట నుంచి చేస్తున్నా. స్విచాఫ్ అని వస్తోంది."

"ఏమైంది?" బావ ఫోన్‌ని చెవికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"నాకేం కాలేదు. ఎత్తుతావో లేదోనని చేశా, అంతే."

ఆ మాట చివర అక్క ఏడ్చేసింది. ఫోన్ పెట్టెయ్యొద్దని, వచ్చేస్తున్నానని చెబుతూ బావ ఆ ఫోన్‌తోనే మెట్లు దిగిపోయాడు. దాని ధరెంతో కూడా అడగలేదు.

డబ్బు కట్టడానికి నేను ఆగిపోయాను. ఆ అరగంటా సిమ్ నా మోచేతి పక్కనే ఉంది. అక్కకి ఫోన్ కలవకపోవడం తనదే తప్పని బావ ఇప్పటికీ అనుకుంటున్నాడు. సిమ్ తీసిపెట్టింది నేనేనని ఇంకా చెప్పలేదు.